వీ, మూవ్, కినెక్ట్: పదడుగుల హాల్లో ఏది పనిచేస్తుంది?

నింటెండో వీ, సోనీ ప్లేస్టేషన్ మూవ్, మైక్రోసాఫ్ట్ కినెక్ట్: మూడూ టీవీ ముందు ఒళ్లు కదిలించి ఆడే వీడియో గేమ్ పరికరాలు. సోఫాలో జారగిలబడి మణికట్టు ఒక్కటే విదిలించినా వీ స్పోర్ట్స్ టెన్నిస్‌లో బంతి అవతలి కోర్టులో పడుతుంది. ప్లేస్టేషన్ మూవ్ పట్టుకుని స్పోర్ట్స్ ఛాంపియన్స్ టేబుల్ టెన్నిస్‌లో అదే పని చేస్తే తెర మీద బ్యాటు కూడా అంతే ముక్తసరిగా కదులుతుంది, బంతి మాత్రం పక్కనుంచి వెళ్లిపోతుంది. కినెక్ట్ అయితే ముందు సోఫా జరిపి లేచి నిలబడమంటుంది.

మూడింటినీ ‘కదలికతో ఆడే ఆట’ అనే ఒకే మాటతో అమ్మారు కానీ, మూడూ చూసేది మూడు వేరు వేరు వస్తువుల్ని. ఏది దేన్ని చూస్తుందో తెలిస్తే, అది మీ ఇంట్లో ఎక్కడ తడబడుతుందో కొనకముందే చెప్పొచ్చు. ఇప్పుడివన్నీ సెకండ్‌హ్యాండ్ సరుకే కాబట్టి ఆ లెక్క ముందే వేసుకోవడం మంచిది.

వీ రిమోట్‌తో మొదలుపెడదాం. 2006లో వచ్చిన రిమోట్‌లో కదలికను కొలిచేది యాక్సిలరోమీటర్ ఒక్కటే. అది కుదుపును, భూమ్యాకర్షణ దిశను పసిగడుతుంది. రిమోట్ ముక్కు పైకి లేచిందా, పక్కకు ఒరిగిందా అన్నది తెలుస్తుంది. బల్ల మీద పడుకోబెట్టి గడియారం ముల్లులా తిప్పారనుకోండి, కిందికి లాగే దిశ ఏమీ మారదు, కాబట్టి దానికి తిరిగినట్టే తెలియదు. టెన్నిస్‌లో ఆట చూసేది ఎప్పుడు విదిలించారు, ఎంత గట్టిగా విదిలించారు అన్నదే. అందుకే సోఫా దొంగాట చెల్లుతుంది.

ఈ లోటును పూడ్చేది రిమోట్ ముక్కులో ఉన్న చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, అంటే కంటికి కనబడని వెలుగును చూసే కెమెరా. టీవీ మీద పెట్టే పట్టీని సెన్సార్ బార్ అంటారు గానీ అందులో సెన్సారే లేదు. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ బల్బులు ఉంటాయి, అంతే. రిమోట్ ఆ రెండు వెలుగు చుక్కల్ని చూసి తెర మీద బాణం ఎక్కడుండాలో లెక్కగడుతుంది. బార్ వైరు తెగితే కన్సోల్ (ఆట నడిపే పెట్టె) పాడైందని అమ్మేసేవాళ్లున్నారు. జానెడు దూరంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా బాణం నడుస్తుంది. బ్యాటరీతో పనిచేసే బార్లు కూడా దొరుకుతాయి.

అదే వీ బలహీనత కూడా. మంటైనా, హాలోజన్ బల్బైనా, కిటికీలోంచి పడే ఎండైనా దానికి మరో చుక్కే. టీవీ పక్క గూట్లో దేవుడి దీపం వెలుగుతుంటే బాణం వణుకుతుంది. వీ సెట్టింగ్స్‌లో సెన్సార్ బార్ కింద సెన్సిటివిటీ తెరవండి. రిమోట్‌ను టీవీ వైపు పెడితే తెల్లటి చుక్కలు రెండే కనబడాలి. మూడోది మినుకుమంటుంటే దాన్ని గదిలో వెతికి ఆర్పండి, లేదా కర్టెన్ వేసి సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించండి. బార్ టీవీ పైన పెట్టారా, కింద పెట్టారా అన్నది కూడా అక్కడే చెప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే, తర్వాత బాణం కిందికి జారుతోందని గొణుగుతారు.

2009 జూన్‌లో వచ్చిన మోషన్‌ప్లస్‌తో వీ స్థాయే మారింది. రిమోట్ అడుగున తగిలించే ఈ చిన్న దిమ్మెలో గైరోస్కోప్‌లు ఉంటాయి. ఎంత వేగంగా తిరిగారో కొలిచి, దాన్ని కూడుకుంటూ పోయి ఎంత తిరిగారో చెబుతాయి. చిక్కంతా ఆ కూడికలోనే. ప్రతి కొలతలో ఉండే రవ్వంత పొరపాటు కూడా కూడుతూ పోతుంది. పది నిమిషాల కత్తియుద్ధం తర్వాత మీరు కత్తి నిటారుగా పట్టుకున్నా తెర మీద అది కాస్త ఒరిగి కనబడొచ్చు. ఆట అడిగినప్పుడు రిమోట్‌ను బటన్లు కిందికి ఉండేలా బల్ల మీద బోర్లా పెట్టి కదపకుండా వదిలేయండి. కదలనప్పుడు గైరో ఎంత చూపిస్తుందో అదే దాని సున్నా. చేత్తో పట్టుకుని ‘కదపడం లేదుగా’ అనుకుంటే ఆ సున్నాయే తప్పవుతుంది. జెల్డా ఆట స్కైవార్డ్ స్వోర్డ్‌లో బాణం పక్కకు జారినప్పుడు తెర మధ్యకు గురిపెట్టి ప్లస్ ఆకారపు బటన్‌ను కిందికి నొక్కితే మళ్లీ మధ్యకొస్తుంది. 2011లో వచ్చిన ఈ ఆట మోషన్‌ప్లస్ లేనిదే అసలు నడవదు.

కొనేటప్పుడు రిమోట్ కింది భాగంలో వీ గుర్తు దగ్గర ‘మోషన్‌ప్లస్ ఇన్‌సైడ్’ అని ఉందేమో చూడండి. 2010 నుంచి వచ్చిన ఆ రకంలో గైరో లోపలే ఉంటుంది, దిమ్మె అక్కర్లేదు. చేతి తాడును కూడా ఒకసారి వేళ్ల మధ్య పెట్టి చూడండి. మొదటి రోజుల్లో 0.6 మిల్లీమీటర్ల మందంతో వచ్చిన తాళ్లు తెగి రిమోట్లు టీవీలకు తగలడంతో నింటెండో వాటిని 1 మిల్లీమీటరు తాళ్లతో మార్చింది. పాత రిమోట్లలో ఆ సన్న తాడు ఇంకా వేలాడుతూనే ఉండొచ్చు.

ఇక సోనీ మూవ్. 2010 సెప్టెంబర్‌లో పీఎస్3 (ప్లేస్టేషన్ 3) కోసం వచ్చింది. కర్ర చివర పింగ్‌పాంగ్ బంతి లాంటి మెత్తని గోళం, లోపల రంగులు మారే దీపం. చూడ్డానికి జాతరలో పిల్లల బొమ్మలా ఉంటుంది గానీ మూడింటిలో అసలైన ఇంజినీరింగ్ దీనిదే. టీవీ దగ్గరున్న ప్లేస్టేషన్ ఐ కెమెరా ఆ గోళాన్ని 640 × 480 చుక్కల బొమ్మలో సెకనుకు 60 సార్లు చూస్తుంది. బొమ్మలో గోళం ఎక్కడుందో చూస్తే ఎడమ కుడి, పైన కింద తెలుస్తాయి. ఎంత పెద్దదిగా కనబడిందో చూస్తే దూరం తెలుస్తుంది. గోళం ఏ వైపు నుంచి చూసినా గుండ్రమే కాబట్టి కర్రను ఎలా తిప్పినా ఈ లెక్క చెడదు. కర్ర తిరుగుడును యాక్సిలరోమీటర్, గైరో చూసుకుంటాయి. పైగా లోపల దిక్సూచి లాంటి అయస్కాంత సెన్సార్ ఒకటి ఉంది. గైరో లెక్క పక్కదారి పట్టినప్పుడు దాన్ని సరిచేసేది అదే. వీ రిమోట్‌లో ఇది లేదు. టేబుల్ టెన్నిస్‌లో బ్యాటు అంచు తిప్పి స్పిన్ కొట్టినా, ఒక అడుగు ముందుకేసి కొట్టినా మూవ్‌కు తెలుస్తుంది. ముందుకేసిన అడుగు మోషన్‌ప్లస్‌కు తెలియదు.

మూవ్ బాగా లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కెమెరా కటకం. ప్లేస్టేషన్ ఐ కటకం చుట్టూ తిరిగే రింగు ఉంటుంది, దాని మీద నీలం చుక్క, ఎర్ర చుక్క. నీలం వైపు తిప్పితే 75 డిగ్రీల వెడల్పు కనబడుతుంది, ఎర్ర వైపు 56 డిగ్రీలే. ఎర్ర దాని మీద వదిలేస్తే చెయ్యి కాస్త పక్కకు చాచగానే గోళం బొమ్మ దాటిపోతుంది. మూవ్‌కు నీలమే.

తర్వాతి తప్పు క్యాలిబ్రేషన్‌లో, అంటే ఆటకు ముందు కొలతలు సరిచూసే చోట జరుగుతుంది. కర్రను కెమెరా వైపు గురిపెట్టి, కదపకుండా, మధ్యలో ఉన్న మూవ్ బటన్ నొక్కాలి. స్పోర్ట్స్ ఛాంపియన్స్ భుజం దగ్గర, పక్కన, నడుము దగ్గర పట్టుకోమంటుంది. మీ చెయ్యి పొడవు అది అంచనా కట్టేది అక్కడే. తొందరపడి మూడూ గాల్లో నొక్కేస్తే, ఆట మొత్తం కురచ చేతుల మనిషిలా ఆడాల్సి వస్తుంది. స్పీకర్ పక్కనో ఇనప బీరువాకు ఆనుకునో నిలబడి క్యాలిబ్రేట్ చేయకండి, అయస్కాంత సెన్సార్ అక్కడ దిక్కు తప్పుతుంది.

గోళం రంగును గదిని బట్టి అదే మార్చుకుంటుంది. అయినా మీ వెనక కిటికీ తెరిచి ఉంటే, గోడకు పండగ సీరియల్ బల్బులు మెరుస్తుంటే వెతుక్కుంటుంది. రెండు కర్రలతో విలువిద్య ఆడేటప్పుడు బాణం కోసం చెయ్యి వీపు వెనక్కి వెళ్తుంది కదా, ఆ క్షణం కెమెరాకు గోళం కనబడదు. లోపలి సెన్సార్లు ఆ కాసేపు నెట్టుకొస్తాయి. చెయ్యి అక్కడే పెట్టుకుని నిలబడితే మాత్రం తెర మీద చెయ్యి తేలిపోతుంది. డబ్బు ఆదా విషయం ఒకటి: ఎడమ చేతికి నావిగేషన్ కంట్రోలర్ (ఆటలో నడవడానికి వాడే చిన్న పరికరం) విడిగా కొననక్కర్లేదు. పీఎస్3తో వచ్చిన మామూలు కంట్రోలర్‌ను ఎడమ చేత్తో పట్టుకుని ఆడొచ్చు. బరువుగా ఉంటుంది, నిజమే, కానీ పని జరుగుతుంది.

కినెక్ట్ 2010 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 కోసం వచ్చింది. చేతిలో ఏమీ ఉండదు. ఛార్జింగ్ లేదు, తాడు తెగడం లేదు, టీవీ పగలడం లేదు. ఇది గది నిండా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లి, అవి ఎక్కడ ఎంత పక్కకు జరిగి పడ్డాయో చూసి దూరాల బొమ్మ గీస్తుంది. అందులోంచి మనిషిని విడదీసి 20 కీళ్ల అస్థిపంజరం కట్టుకుంటుంది. సెకనుకు 30 బొమ్మలు. ఒక్కో బొమ్మకే 33 మిల్లీసెకన్లు, దాని మీద కీళ్ల లెక్కకు మరికొంత సమయం. చెయ్యి ఊపాక తెర మీద చెయ్యి కదిలే ఆలస్యం కంటికే తెలుస్తుంది. టేబుల్ టెన్నిస్ లాంటి ఆటకు ఇది నప్పదు. వేళ్లు, మణికట్టు తిరుగుడు దానికి ఆనవు. బటన్ లేదు కాబట్టి మెనూలో చెయ్యి గాల్లో నిలిపి వలయం నిండేదాకా ఆగాలి.

అసలు సమస్య చోటు. ఒకరికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ కినెక్ట్ చూపు నిలువున 43 డిగ్రీలే. లెక్క కట్టండి: అయిదున్నర అడుగుల మనిషి తల నుంచి పాదాల దాకా కనబడాలంటే ఏడడుగుల దూరం కావాలి. చేతులు పైకెత్తితే మనిషి ఎత్తు ఏడడుగులవుతుంది, అప్పుడు తొమ్మిది అడుగుల దూరం కావాలి. మన అపార్ట్‌మెంట్ హాలు పదడుగులనుకుందాం. టీవీ స్టాండుకు అడుగున్నర, సోఫాకు మూడడుగులు పోతే మిగిలేది అయిదున్నర. టీవీని గోడకు బిగించి, కినెక్ట్‌ను క్లిప్పుతో దాని మీద పెట్టి, సోఫాను పక్క గోడకు తోస్తే ఎనిమిది దాటుతుంది. రోజూ సోఫా జరపడానికి సిద్ధమైతేనే దాని జోలికి వెళ్లండి.

బట్టలు కూడా చూసుకోవాలి. లంగా, చీర, లుంగీ కడితే రెండు కాళ్లూ ఒక్కటైపోయి మోకాళ్లు ఎక్కడున్నాయో దానికి అంతుబట్టదు. కొన్ని నల్లటి బట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ను మింగేస్తాయి. గాజు టీపాయ్ మధ్యలో ఉంటే తీసేయండి. పగలు ఎండ పడే గదిలో చుక్కలు వెలిసిపోతాయి. కినెక్ట్ సాయంత్రం ఆటే. ఇన్ని తిప్పలున్నా డాన్స్ సెంట్రల్ అనే డ్యాన్సు ఆట దగ్గర మిగతా రెండూ దీని ముందు నిలవవు. కర్ర పట్టుకుని చేసే డ్యాన్సులో ఆ ఒక్క చెయ్యే లెక్క. ఇక్కడ నడుము, కాళ్లు, భుజాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. భంగిమ సమయానికి కుదిరిందా లేదా అన్నదే చూస్తుంది కాబట్టి ఆ ఆలస్యం కూడా పెద్దగా బాధించదు.

కినెక్ట్ కొనేటప్పుడు కన్సోల్ ఏదో చూసుకోండి. తర్వాత వచ్చిన సన్నటి ఎక్స్‌బాక్స్ 360 ఎస్ వెనక దానికి సొంత సాకెట్ ఉంది, వైరు పెడితే చాలు. అంతకుముందు వచ్చిన లావు 360కి విడిగా పవర్ అడాప్టర్ కావాలి, సెకండ్‌హ్యాండ్ అమ్మకాల్లో తరచూ మాయమయ్యేది అదే. ఎక్స్‌బాక్స్ వన్ కినెక్ట్ వేరే వస్తువు, దీనికి తగలదు. తలను చేత్తో పైకీ కిందికీ తిప్పకండి, లోపల మోటారు ఉంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కన్సోల్ అయితే ఇంకో గండం. అక్కడి వీ అడాప్టర్ 120 వోల్టులది, ఎక్స్‌బాక్స్ 360 ఇటుక లాంటి అడాప్టర్ మీద 100–127 అని రాసి ఉంటుంది. నేరుగా మన 230లో పెడితే అడాప్టర్ పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, లేదా 230 వోల్టుల అడాప్టర్ కొనండి. వీ డిస్కులకు ప్రాంతం తాళం కూడా ఉంది, అమెరికా వీలో యూరప్ డిస్కు ఆడదు. వీకి హెచ్‌డీఎంఐ సాకెట్ లేదు, బొమ్మ హెచ్‌డీ కాదు. పాత ఏవీ సాకెట్లు లేని కొత్త టీవీకి కన్వర్టర్ కొనక తప్పదు.

మా ఓటు చిన్న హాలుకు మూవ్‌కే. కినెక్ట్ అడిగినంత చోటు అక్కర్లేదు, కచ్చితత్వంలో దానికి సాటి లేదు. పెద్దవాళ్లు, ఏడేళ్ల పిల్లలు కలిసి ఆడే ఇంటికి మాత్రం మోషన్‌ప్లస్ ఉన్న వీ, వీ స్పోర్ట్స్ రిసార్ట్ డిస్కు. పైగా అందులో పడేది మామూలు డబుల్ ఏ సెల్స్, అయిపోతే కిరాణా కొట్లో దొరుకుతాయి.

మూవ్ లోపలి బ్యాటరీ విషయంలోనే జాగ్రత్త. 2010 నాటి కర్రలు ఏళ్ల తరబడి డ్రాయర్లో పడి ఉంటాయి. కేబుల్ మినీ యూఎస్‌బీ, పాత ఫోన్ల మైక్రో కాదు, అది వెంట తీసుకెళ్లండి. పీఎస్3కి తగిలించి పీఎస్ బటన్ నొక్కితే జత కుదరాలి. అప్పుడు కేబుల్ పీకేసి ఓ పావుగంట ఆడి చూడండి. ఈలోపే గోళం ఆరిపోతే ధర తగ్గించమని అడగండి.