ఫోర్ గ్యాస్ మీటర్: ఏడాది వాడాక చెప్తున్నా

ఏడాదిగా ఫైర్ డ్యూటీలో కోటుకి తగిలించుకుని తిరుగుతున్న మీటర్ ఇది. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే గ్యాసులు, ఈ నాలుగూ చూస్తుంది. వస్తువుగా బాగుంది, గ్లవ్స్‌తో బటన్ నొక్కొచ్చు, పంపు హోరులో కూడా అలారం వినిపిస్తుంది, ఛార్జింగ్ షిఫ్ట్ మొత్తం వస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో మాత్రం దీనికి దణ్ణం పెట్టాలి. కుళ్ళిన గుడ్ల వాసన వస్తుందిగా తెలిసిపోతుందిలే అంటారు చాలామంది, కానీ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో నూరు వంతులు) దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన ఆగింది కాబట్టి గాలి బాగుపడిందనుకుని ముడిచమురు ట్యాంకు దగ్గరికెళ్తే ఇక అంతే.

పెట్రోల్ డిపోల్లో జాగ్రత్తగా చదవాలి దీన్ని. మండే గ్యాస్ రీడింగ్ అంటే అంటుకునే స్థాయిలో ఎంత శాతం ఉందో చెప్పే అంకె. మాది మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసింది (ఆ గ్యాస్‌కి సరిగ్గా చూపించేలా సెట్ చేసింది), పెట్రోల్ ఆవిరికి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, 10 చూపిస్తే అసలు దాదాపు రెండింతలు ఉండొచ్చు. ఇంకోటి, పెట్రోల్ ఆవిరి గాలిలో 1.4 శాతం దగ్గర అంటుకోవడం మొదలవుతుంది, అంటే 14,000 పీపీఎం, మీటర్‌లో 1 అంటే అందులో నూరో వంతు, 140 పీపీఎం అన్నమాట. పెట్రోల్‌లో ఉండే విషం బెంజీన్‌కి 1 పీపీఎం కూడా ఎక్కువే అని లెక్కలు పెట్టుకుంటున్నాం, మరి ఈ మీటర్ సున్నా చూపిస్తుంటే మాస్క్ తీసేయడం ఏంటి? దానికి పీఐడీ మీటర్ (ఇలాంటి ఆవిర్లని పీపీఎంలలో కొలిచేది) వేరే ఉండాల్సిందే.

సబ్‌స్టేషన్లలో అయితే ఇది సగం గుడ్డిది. స్విచ్‌గేర్‌లో (పెద్ద కరెంటు స్విచ్‌ల పెట్టెల్లో) వాడే ఎస్ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్) గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే ఐదు రెట్లు బరువు, కేబుల్ ట్రెంచ్‌లోకి దిగి కూర్చుంటుంది. ఆక్సిజన్ 20.9 నుంచి 20.4కి దిగితే చాలామంది పట్టించుకోరు, కానీ గాలిలో ఆక్సిజన్ దాదాపు ఐదో వంతే కాబట్టి ఆ అర శాతం తగ్గాలంటే 24,000 పీపీఎం చిల్లర వేరే గ్యాస్ వచ్చి చేరాలి. ఆర్క్ కొట్టిన (కరెంటు మెరుపులా దూకిన) చోట అయితే ఎస్ఎఫ్6 విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటివి పుడతాయి, వాటికి దీంట్లో సెన్సరే లేదు. అక్కడ తెల్లటి పొడి కనిపిస్తే చెయ్యి పెట్టకండి, బీఏ సెట్ (వీపు మీది గాలి సిలిండర్, దాని మాస్క్) తీయకండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో పీసీబీలుంటే (ఒకప్పుడు వాడిన క్లోరిన్ రసాయనాలు), అది కాలిన పొగలో డయాక్సిన్లనే విషాలు కూడా ఉండొచ్చు, దానికీ ఇది పలకదు.

ఓసారి బ్యాటరీ రూమ్‌లో కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ ఎగబాకింది, ఎక్కడ కాలుతోందా అని వెతుక్కుంటూ తిరిగాం, తీరా చూస్తే ఛార్జింగ్‌లో వచ్చిన హైడ్రోజన్‌ని ఆ సెన్సర్ సీఓ అనుకుంది. హైడ్రోజన్ 4 శాతం నుంచే అంటుకుంటుంది, మేం అలా తిరగాల్సింది కాదు. ఇంత ముఖ్యమైన సంగతి మాన్యువల్ చివర్లో చిన్న అక్షరాల్లో పెట్టారు, నాకు కోపం వచ్చింది దానికే.

బండి తుడిచే సిలికాన్ స్ప్రే దీని దగ్గర కొట్టకండి, మండే గ్యాస్ సెన్సర్ చచ్చిపోతుంది, చచ్చాక కూడా నిమ్మళంగా సున్నా చూపిస్తూనే ఉంటుంది. అందుకే మేం రోజూ డ్యూటీ ఎక్కేముందు బంప్ టెస్ట్ (కాస్త టెస్ట్ గ్యాస్ తగిలించి సెన్సర్ పలుకుతుందో లేదో చూడటం) చేస్తున్నాం. పీఐడీ వాడుతున్నవాళ్ళుంటే నీళ్ళు కొట్టేటప్పుడు తేమకి రీడింగ్ ఎంత తేడా వస్తోందో చెప్పండి, తీసుకుందామనుకుంటున్నాం.