పిట్ట పేరుకూ కూతకూ పొంతన చూడాలంటే: జెనో-కాంటో సైటు పనితనం

కూతను బట్టే పేరు పడిన పిట్టలు మనకు కొదవేం కాదు. కాకి, కోయిల, తీతువు అందరికీ తెలిసినవే. పేరూ కూతా నిజంగా కలుస్తాయో లేదో చెవితో, కంటితో సరిచూసుకోవడానికి ఇప్పుడు దొరికేవాటిలో జెనో-కాంటో మేలైనది. 2005లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఉచిత సైటు ఇది. కూతలు రికార్డు చేసినవాళ్లు ఏ దేశం నుంచైనా అందులో పెట్టవచ్చు. ప్రతి రికార్డింగు పక్కన దాని సోనోగ్రామ్, అంటే ధ్వని బొమ్మ, ఉంటుంది. అడ్డంగా సెకన్లు, నిలువుగా శ్రుతి స్థాయి.

పేరు కొట్టి, పైన కనబడ్డ మొదటి రికార్డింగు నొక్కితే మాత్రం చాలాసార్లు నిరాశే. పిట్టకు కూత ఒక్కటే ఉండదు మరి. కోయిలనే చూడండి. 'కుఊ' అంటూ పైకి పైకి పోయేది మగది. ఆడ కోయిల 'కిక్-కిక్-కిక్' అని గబగబా అరుస్తుంది, అందులో కోయిల పేరు వెతికినా దొరకదు. అందుకే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్లి దేశం ఇండియా, నాణ్యత ఏ, రకం 'సాంగ్', లింగం మగ అని పెట్టండి. నాణ్యతను ఏ నుంచి ఈ వరకు ఇస్తారు. సి దాటితే వెనక రొదలో కూత కలిసిపోతుంది, పిల్లలకు వినిపించడానికి పనికిరాదు.

వెతికేటప్పుడు శాస్త్రీయ నామం వాడటం మంచిది. మనం 'కాకి' అనేది ఒక్క పిట్ట కాదు: ఊరకాకి గొంతు సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది, మాలకాకిది బొంగురు. తీతువు అన్నా అంతే, ముక్కు దగ్గర ఎర్ర తోలున్నదీ ఉంది, పసుపు తోలున్నదీ ఉంది. ఎర్రదానికి వానెల్లస్ ఇండికస్ అని, పసుపుదానికి వానెల్లస్ మలబారికస్ అని కొట్టాలి. పాత పుస్తకం చూసి కొట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి, ప్రజాతుల పేర్లు, అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట, మారుతుంటాయి. కంసాలి పిట్ట అప్పట్లో మెగాలైమా, ఇప్పుడు సైలోపోగాన్.

ఎర్ర తీతువు కూతను బొమ్మలో చూస్తే మన పేరు పెట్టినవాళ్ల చెవికి దండం పెట్టాలనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు దాన్నే 'డిడ్-హి-డు-ఇట్' అన్నారు, హిందీలో టిటహరీ, సంస్కృతంలో టిట్టిభం. అన్నిట్లోనూ తకారమో టకారమో తప్పనిసరి. తమిళంలో మాత్రం ఆళ్‌కాట్టి, మనిషి వచ్చాడని పట్టిచ్చేది అని. అది కూతను బట్టి కాదు, పనిని బట్టి పడ్డ పేరు. చిక్కల్లా 'అలారం కాల్' అని రాసిన రికార్డింగులతోనే. బెదిరిన తీతువు 'ట్రింట్, ట్రింట్' అని ఒక్కో ముక్కే అరుస్తుంది, పూర్తి పలుకు రాదు. అవి విని 'తీతువు' ఏదీ అని వెతకడం దండగ.

ఈ సైటు అసలు సత్తా కంసాలి పిట్ట దగ్గర తేలుతుంది. దాని 'టుక్ టుక్' నిమిషానికి 108 నుంచి 121 దాకా పడుతుందని పక్షిశాస్త్ర పుస్తకాల లెక్క. సైటు చూపే చిన్న బొమ్మ మొదటి 10 సెకన్లదే. అంటే అందులో 18 నుంచి 20 గుర్తులు, అన్నీ ఒకే ఎత్తులో, సుత్తి దెబ్బల్లా సమానంగా రావాలి. లెక్కపెట్టుకోవచ్చు. ఈ పేరులో కూత అక్షరం ఒక్కటీ లేదు, లయ మాత్రం ఉంది.

ఆ 10 సెకన్ల హద్దే కొన్ని పిట్టలకు అడ్డం కూడా. హిందీవాళ్ల పపీహా కూత 'పీ కహా' మూడు దరువులు. మరాఠీ రైతులు దాన్నే 'పేర్తే వ్హా', విత్తనాలు వేయండి, అని వింటారు, ఇంగ్లీషులో 'బ్రెయిన్ ఫీవర్'. మాటలు వేరు, దరువులు మూడే. అయితే కూత మెట్టు మెట్టుగా పైకెక్కి చటుక్కున తెగిపోవడం చిన్న బొమ్మలో తరచూ కనబడదు. ఆ రికార్డింగు పేజీ తెరిచి చివరిదాకా వినాల్సిందే.

పేజీలో ఇంకో రెండు గళ్లు తప్పక చదవండి. ఒకటి, 'ప్లేబ్యాక్ వాడారా' అన్నది. రికార్డు చేసేముందు అదే కూత వినిపించి పిట్టను రెచ్చగొడితే, అది మామూలుగా కూయదు. పేరుతో పోల్చడానికి 'లేదు' అని ఉన్నవే తీసుకోండి. రెండోది, 'పిట్టను చూశారా' అన్నది. ఏట్రింత పిట్ట డేగ కూతను అనుకరిస్తుంది కాబట్టి చూడకుండా రాసిన పేరును గుడ్డిగా నమ్మకూడదు. సందేహమున్న వాటిని మిగతావాళ్లు ప్రశ్నించే ఏర్పాటు ఉంది, అది మంచిది.

వినడానికి ఫోను స్పీకరు చాలదు. జెముడుకాకి 'కూప్ కూప్' లాంటి లోతైన కూతలు అందులో సన్నబడతాయి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

వీడియోలు చేసేవాళ్లకు ఒక మాట. ప్రతి రికార్డింగుకూ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వేరేగా రాసి ఉంటుంది. 'ఎన్‌సి' ఉంటే డబ్బొచ్చే ఛానెల్లో వాడకూడదు. 'ఎన్‌డి' ఉంటే కత్తిరించి, సంగీతం కలిపి వాడకూడదు. రెండూ లేనివి వెతుక్కుని, రికార్డు చేసినవారి పేరు, ఎక్స్‌సి నంబరు (సైటులో ఆ రికార్డింగుకు ఉన్న నంబరు) వేయాలి.

డౌన్‌లోడ్ చేసుకున్న కూతను పొలంలో పిట్టకే వినిపించకండి, ముఖ్యంగా మార్చి నుంచి ఆగస్టు దాకా. ఎర్ర తీతువు అప్పుడే నేలమీద చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. ఇంకో తీతువు వచ్చిందనుకుని లేచి వెళ్తే, గుడ్లు ఎండకు మాడతాయి.