బిల్లు మీద ఉద్యమ్ నంబరు: తిరుపతి చిన్న యూనిట్లకు ఎంత పనికొస్తుంది?

తిరుపతి లాడ్జీల దుప్పట్లు ఉతికిచ్చే లాండ్రీ అయినా, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు అట్టపెట్టెలు చేసిచ్చే యూనిట్ అయినా నలిగిపోయేది ఒకే మాట దగ్గర: "వచ్చే నెల చూద్దాం." చాలామంది బ్యాంకు లోను కోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు, అంటే ఎంఎస్ఎంఈలకు, కేంద్రం ఆన్‌లైన్లో ఇచ్చే గుర్తింపు) చేయించి, సర్టిఫికెట్‌ను ఫైల్లో పెట్టేస్తారు. దాని అసలు బలం బాకీ వసూలులో ఉంది.

2020 జూలై 1న మొదలైన ఈ సేవలో నమోదు వరకు వంక పెట్టడానికి లేదు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, జీఎస్టీ తప్పనిసరైన వాళ్లకు ఆ నంబరు, అంతే. కాగితాలు అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు, రెన్యువల్ లేదు, రుసుమూ లేదు. ఫీజు కట్టమనే సైటు ప్రభుత్వానిది కాదు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకు కాకపోతే మాత్రం ఓటీపీ దగ్గరే ఆగిపోతుంది.

పొరపాటు జరిగేది ఎన్ఐసీ కోడ్ (మీరు చేసే పని ఏ రకమో చెప్పే అంకె) ఎంచుకునే చోట. తయారీ, సేవ చేసేవాళ్లు కూడా తొందరలో 'ట్రేడింగ్' నొక్కేస్తారు. దుప్పట్లు ఉతికేది సేవ. కొని అమ్మేది ట్రేడింగ్. ట్రేడర్లకు దక్కేది ప్రాధాన్య రంగ రుణం (బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పక కేటాయించాల్సిన అప్పు) ఒక్కటే, బాకీల రక్షణ వర్తించదు.

ఆ రక్షణ 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోది, సూక్ష్మ, చిన్న సంస్థలకే. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో వచ్చిన మార్పు ఇంకా గట్టిది: గడువు దాటిన బాకీని కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే తన ఖర్చుగా చూపాలి. అందుకే మార్చి వచ్చిందంటే కొనుగోలుదారు ఆడిటరే మీ ఉద్యమ్ సర్టిఫికెట్ అడుగుతాడు.

అప్పటికీ కదలకపోతే ఈ బాకీల కోసమే ఉన్న ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు. తీర్పును కోర్టులో సవాలు చెయ్యాలంటే కొనుగోలుదారు 75 శాతం సొమ్ము ముందే జమ చెయ్యాలి. ఈ ఏర్పాటు చాలా మంచిది. అయితే ఫిర్యాదు పెడితే ఆ లాడ్జీ చేజారుతుందన్న భయం చిన్న ఊళ్లో నిజమే కాబట్టి, ఆర్డరు తీసుకునే రోజే గడువు రాయించుకోవాలి. నమోదు కూడా సరుకు పంపకముందే పూర్తవ్వాలి. సరుకు అందించిన చలానా మీద తేదీ వేయించి సంతకం తీసుకోకపోతే, ఆ 45 రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలన్న దగ్గరే వాదన మొదలవుతుంది.