చెవి మిషన్ ఆన్‌లైన్‌లో చూసేవాళ్ళు జాగ్రత్త: ఆ టైమర్‌ని నమ్మకండి, ఫోన్ నంబర్ ముందే కొట్టకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఇంట్లో పెద్దవాళ్ళకు చెవి మిషన్ ఆన్‌లైన్‌లో చూస్తున్న అన్నలు, అక్కలు ఎవరున్నా ఇది ఒకసారి చదవండి. సైట్ పేరు ఇక్కడ రాయట్లేదు. ఎందుకంటే ఇది ఒక్క సైట్ గొడవ కాదు, పరుపులు, ఇన్వర్టర్లు, మోకాళ్ళ నొప్పుల నూనెలు అమ్మేవాళ్ళలో కూడా కొందరు ఇదే పద్ధతి నడిపిస్తున్నారు. ఎలా గుర్తుపట్టాలో చెప్తా.

మా బాపుకి ఎడమ చెవి దాదాపు వినపడదు, కుడిది కూడా తగ్గుతోంది. ఈఎన్‌టీ డాక్టర్ పరీక్ష చేయించి ఆడియోగ్రామ్, అంటే చెవికి ఎంత వినపడుతుందో చూపే రిపోర్ట్ ఇచ్చారు. హనుమకొండలో రెండు మూడు చోట్ల ధరలు అడిగాక ఆన్‌లైన్‌లో ఎంతుందో చూద్దామని వెతికితే మొదట తగిలిన ప్రకటన ఈ సైట్‌ది. తెరవగానే సగం స్క్రీన్ కప్పేస్తూ కుకీల పెట్టె వచ్చింది (కుకీ అంటే మనల్ని గుర్తుపట్టడానికి సైట్ మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న చీటీ). 'అన్నిటికీ ఒప్పుకుంటున్నా' అనే బటన్ పచ్చగా పెద్దగా ఉంది, 'సెట్టింగులు' అనేది మాత్రం బూడిద రంగు చిన్న అక్షరాల్లో. అందులోకి పోతే అన్నీ ముందే ఆన్ చేసి పెట్టారు, 'మా భాగస్వాములు' అని ఒక జాబితా ఉంది, ఎంత జరిపినా అయిపోదు. 'వద్దు' అనే బటన్ ఎక్కడా లేదు. సరిగ్గా ఇలాంటి పనికే, అంటే ఒప్పుకోవడం ఒక్క నొక్కుడుతో, వద్దనడం చాలా నొక్కుళ్ళతో పెట్టినందుకే, ఫ్రాన్స్‌లో 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా పడింది. మన దగ్గర ఇంకా అంత దూరం రాలేదు, దాని సంగతి కింద చెప్తా.

ఇప్పుడు అసలు విషయం. మిషన్ బొమ్మ కింద ఎర్రగా ఒక టైమర్ తిరుగుతోంది, 'ఈ ధర ఇంకా 15 నిమిషాలే, 2 పీసులే మిగిలాయి' అని. ధర 18,500. ఇంట్లో అందరికీ టెన్షన్, అక్క అయితే కొట్టెయ్, కొట్టెయ్ అంటోంది. పేరు, ఫోన్ నంబర్ కొట్టాక కింద చూస్తే వెయ్యి రూపాయల అడ్వాన్స్, తిరిగి ఇవ్వబడదు అని ఉంది. అక్కడే ఆపేసి పేజీ మూసేశాం. ఆర్డర్ బటన్ నొక్కలేదు, డబ్బు కట్టలేదు, గుర్తుపెట్టుకోండి.

ఆ సాయంత్రమే కాల్స్ మొదలు. మొదటామె నేరుగా ఆ మోడల్ పేరు చెప్పి 'సార్ మీరు సగంలో ఆపేశారు' అంది. తర్వాత ఇంకో సెంటర్ వాళ్ళు, ఆ తర్వాత ఈఎంఐ ఇస్తామని ఎవరో. అక్క ఫోన్‌లో, పక్క గదిలో చదువుకునే పిల్లల ట్యాబ్‌లో కూడా చెవి మిషన్ల ప్రకటనలే. బాపుకి వినపడకపోయినా ఫోన్‌కి మాత్రం అన్నీ వినపడుతున్నాయి అని ఇంట్లో ఒకటే నవ్వులు. నిజానికి దీనికి ఫోన్ మన మాటలు వినాల్సిన పనే లేదు.

మా అల్లుడు, అంటే అక్క కొడుకు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడు ల్యాప్‌టాప్‌లో చూపించాడు. సైట్‌ను ప్రైవేట్ విండోలో, అంటే పాత కుకీలు లేకుండా తెరుచుకునే విండోలో తెరిస్తే టైమర్ మళ్ళీ 15 నిమిషాల నుంచి మొదలైంది. మామూలు విండోలో కుకీలు చెరిపేసి తెరిచినా మళ్ళీ 15. తర్వాత క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి కుకీల జాబితా తెరిస్తే అందులో ఒకదాంట్లో ఆఫర్ ముగిసే టైమ్ అంకెల్లో రాసి ఉంది. వాడు ఆ అంకెను మార్చి పేజీని మళ్ళీ లోడ్ చేస్తే, ఆ 'చివరి అవకాశం' రెండు గంటలకు పెరిగింది! గోదాంలో సరుకుకీ ఆ గడియారానికీ ఏ సంబంధం లేదు, అది మన బ్రౌజర్‌లో మన కోసమే పెట్టిన గడియారం. హుజూరాబాద్‌లో ఉండే దోస్తుతో అదే టైమ్‌కి తెరిపిస్తే వాడికీ 15 నిమిషాలు, వాడికీ అవే 2 పీసులు. ఇంకో విచిత్రం, ప్రైవేట్ విండోలో 'మొదటిసారి వచ్చినవారికి' అని 16,999 చూపించింది. మేమూ మొదటిసారే వెళ్ళినా మాకు మాత్రం 18,500 చూపించింది.

కుకీ అంటే మోసం అని కాదు, అది కూడా చెప్పాలి. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లీ అనే ఇంజినీర్ దీన్ని తయారుచేసిందే ఆన్‌లైన్ దుకాణంలో మనం బుట్టలో వేసిన సామాను సైట్‌కు గుర్తుండటానికి. ఆస్పత్రి ఓపీ చీటీ లాంటిది అనుకోండి, చీటీ మన జేబులో, దాని మీద ఒక నంబర్, మన కథంతా వాళ్ళ రిజిస్టర్‌లో. చిక్కు ఎక్కడంటే, సైట్‌లో సొంత కుకీలతో పాటు ప్రకటనల కంపెనీల కుకీలు కూడా దిగుతాయి. అదే కంపెనీ కోడ్ వార్తల సైట్‌లో, వంటల సైట్‌లో, మందుల సైట్‌లో కూడా ఉంటుంది, అంటే ఊళ్ళో ఆస్పత్రులన్నిటికీ ఒకే రిజిస్టర్ పెట్టినట్టు. దీనికి తోడు పిక్సెల్ అని కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఉంటుంది, పేజీ తెరవగానే అది ఇంకో కంపెనీకి కబురు పంపుతుంది. కుకీలు చెరిపినా స్క్రీన్ సైజు, ఫోన్ మోడల్, ఫాంట్లు కలిపి మనల్ని గుర్తుపట్టే పద్ధతి ఇంకొకటి. ఒకే వైఫై మీద ఉన్న ఫోన్లను ఒకే ఇంటివని లెక్కగట్టి ప్రకటనలు వేయడం వాళ్ళకు పాత విద్యే, పిల్లల ట్యాబ్‌లోకి చెవి మిషన్ రావడానికి అది చాలు.

బటన్ నొక్కకుండానే నంబర్ ఎలా పోయిందని చాలామంది అడుగుతారు. పెట్టెలో మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ పేజీలోని కోడ్ అప్పటికప్పుడే చదవగలదు, పంపగలదు. 2022లో ఐరోపా పరిశోధకులు లక్ష సైట్లు పరీక్షించారు. అమెరికా నుంచి తెరిచినప్పుడు 2,950 సైట్లలో, ఐరోపా నుంచి తెరిచినప్పుడు 1,844 సైట్లలో, సబ్మిట్ నొక్కకముందే ఈమెయిల్ ట్రాకర్లకు, అంటే మనల్ని సైట్ సైట్‌కూ వెంబడించే కంపెనీలకు వెళ్ళిపోతోందని తేలింది. అందుకే నంబర్ అనేది అన్నీ చదివాక, కొంటానని తేల్చుకున్నాక, చిట్టచివర కొట్టేది. ఊరికే ధర చూడ్డానికి నంబర్ అడిగే సైట్ అయితే అక్కడే మూసేయండి.

ఆండ్రాయిడ్ వాడేవాళ్ళు క్రోమ్ సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలు (మనం తెరిచిన సైట్‌వి కాకుండా వేరే కంపెనీలవి) అన్నచోట బ్లాక్ అని పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచి ట్రాకింగ్ కుకీలను, సఫారీ 2020 నుంచి థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ తమంతట తామే ఆపుతున్నాయి. క్రోమ్‌లో కూడా తీసేస్తామని గూగుల్ ఏళ్ళ తరబడి వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి. ఫోన్ సెట్టింగుల్లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి పోతే అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనల కోసం మన ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్, డిలీట్ చేసే చోటు ఉంటుంది, అదీ చేయండి. ప్రైవేట్ విండో అంటే మనం కనపడం అని కాదు, మూసేసినప్పుడు కుకీలు పోతాయంతే, సైట్‌కు మన ఐపీ అడ్రస్, అంటే మన నెట్ కనెక్షన్ నంబర్ తెలుస్తూనే ఉంటుంది. అయినా టైమర్ దొంగదో కాదో తేల్చడానికి ప్రైవేట్ విండోకి మించింది లేదు.

చట్టం సంగతి. దొంగ తొందర పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించింది, అందులో ఉన్న 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాళ్ళను బోల్తా కొట్టించే పద్ధతుల్లో ఇదొకటి. దీని మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు, మేం ఇచ్చాం. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, కానీ కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది ఆ రూల్స్ వచ్చిన 18 నెలలకు. ఒప్పుకోవడం ఎంత సులువో ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని ఆ చట్టంలో రాసుంది, జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. అప్పటిదాకా కాల్స్ ఆగడానికి డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్ వద్దని నమోదు పెట్టించుకోండి, 1909కి ఫోన్ చేస్తే చాలు. ప్రచార కాల్ వస్తే ఏడు రోజుల్లోపు అక్కడే ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు. మా ఇంట్లో కాల్స్ తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు.

ఇంకొకటి, ఇది కుకీల గొడవ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆడియోగ్రామ్ అడగకుండా 'అందరికీ సరిపోతుంది' అని అమ్మే మిషన్ ఏ ధరకైనా తీసుకోకండి. ఎవరి చెవి ఎంత, ఏ శబ్దాల దగ్గర తగ్గిందో చూసి దాని ప్రకారం సెట్ చేయాల్సిన వస్తువు అది. ఈ సైట్ మా నంబర్ అడిగింది, ఈఎంఐ కావాలా అని అడిగింది, బాపు రిపోర్ట్ మాత్రం ఎక్కడా అడగలేదు.

ఇలాంటి టైమర్ మీకూ కనపడితే స్క్రీన్‌షాట్ తీయండి, పైన టైమ్ కనపడాలి. వీలైతే వేరే ఇంట్లో ఉన్నవాళ్ళతో అదే నిమిషంలో ఇంకోటి తీయించండి. రెండూ 1915 ఫిర్యాదుకు జతచేయొచ్చు, 'టెక్నికల్ సమస్య సార్' అనే జవాబుకు అప్పుడు దారి ఉండదు.