నేషనల్ గ్యాలరీలో కనలెత్తో: అసలుతోపాటు నకళ్లనూ చూడండి

లండన్‌లోని నేషనల్ గ్యాలరీ శాశ్వత సేకరణను చూడడానికి టికెట్ అక్కర్లేదు. ఒక్క పూటే తీరిక దొరికినా, అక్కడున్న 18వ శతాబ్దపు వెనిస్ నగర దృశ్యాలకు ఆ సమయాన్ని కేటాయించమని గట్టిగా చెబుతాను.

వెనిస్ చిత్రకారుడు కనలెత్తో (1697–1768) సుమారు 1725లో వేసిన ‘రాతిపనివాళ్ల ఆవరణ’తో మొదలుపెట్టాలి. కాలువ ఒడ్డున రాళ్లు చెక్కుతున్న మనుషులు, పెచ్చులూడిన గోడలు, ఎడమవైపు కింద పడిన పసివాడి కోసం చేతులు చాచి ఉరుకుతున్న తల్లి, ఆవలి ఒడ్డున 1744లో కూలిపోయిన గంటగోపురం, అన్నీ అందులో ఉన్నాయి. యాత్రికులకు అమ్మడానికి తర్వాత వేసిన మెరుగుపెట్టిన దృశ్యాల కన్నా నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

ఆ తర్వాత వెనిస్‌లోని ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ మీది పడవ పందెం చిత్రాన్ని చూడాలి. ఈ దృశ్యాన్ని కనలెత్తో తానే ఒకటికి మించి వేశాడు. జోసెఫ్ స్మిత్ అనే ఇంగ్లీషు వ్యాపారి దగ్గరున్న కనలెత్తో చిత్రాలను విసెంతీని అనే కళాకారుడు రాగిరేకుల మీద చెక్కి 1735లో అచ్చు వేయించడంతో, అసలు చిత్రాలను ఎన్నడూ చూడని చిత్రకారులకు కూడా ఆ కూర్పులు అందుబాటులోకి వచ్చాయి. అచ్చులో గీతలు దొరుకుతాయి గాని రంగు, గాలి, వెలుతురు దొరకవు. అందుకే ‘కనలెత్తో అనుచరుడు’ అని పేరుపలక ఉన్న చిత్రం ముందు నిలబడినప్పుడు నీటిని జాగ్రత్తగా గమనించండి: గురువు చేతిలో దూరాన్నిబట్టి చిన్నబోయే తెల్లని అలలు, నకలులో తరచుగా ఒకే కొలతతో వరుసగా పరుచుకుంటాయి. అయినా ఆ నకళ్లను తీసిపారేయడం న్యాయం కాదు. ఎందరో కొనుగోలుదారులు తమ ఇంటి గోడ మీద చూసుకున్న వెనిస్ ఈ అనుచరుల చేతి మీదుగా వచ్చినదే.

కనలెత్తో మేనల్లుడు, చిత్రకారుడు బెల్లొత్తో మాత్రం శిష్యరికాన్ని దాటి ఎదిగాడు. జర్మనీలోని క్యోనిగ్‌స్టైన్ కోటను అతను వేసిన చిత్రాన్ని గ్యాలరీ 2017లో సేకరించింది. మామ పేరునే వాడుకుంటూ అతను వేసిన పోలండ్ రాజధాని వార్సా దృశ్యాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ నగరాన్ని తిరిగి కట్టుకోవడానికి ఆధారమయ్యాయి.

ప్రదర్శనలో ఉంచే చిత్రాలు మారుతుంటాయి కనుక, బయలుదేరే ముందు గ్యాలరీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం మంచిది.