లగునాలో ఒక అంత్యక్రియల సంస్థ: తెలుగు అల్లుడి సమీక్ష

ఫిలిప్పీన్స్‌లోని లగునా ప్రావిన్సులో మా ఆవిడ తాతగారు, ఇంటిల్లిపాదీ లోలో అని పిలుచుకునే పెద్దాయన, వృద్ధాప్యంతో ఇంట్లోనే కన్నుమూసినప్పుడు కుటుంబం పిలిపించిన అంత్యక్రియల సంస్థ పనితీరుపై ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఒక విషయంలో దానిపై నాకు గట్టి ఫిర్యాదు ఉన్నప్పటికీ, ఆ ఒక్కదాన్ని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఆ పరిసరాల్లో విచారించిన ఇతర సంస్థల ప్యాకేజీలు కూడా ఇంచుమించు అదే పద్ధతిలో ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. భౌతికకాయాన్ని చూసుకోవడంలోనూ, కాగితాల పని నడిపించడంలోనూ, ఊరేగింపు వాహనం విషయంలోనూ వారి సేవ మెచ్చుకోదగినది. వచ్చిపోయేవారికి మర్యాదలు చేస్తామంటూ ప్యాకేజీకి తగిలించే అదనపు సేవలకు పెట్టే సొమ్ము మాత్రం దండగ, ఎందుకంటే ఆ పనికి అక్కడ ఇరుగుపొరుగు ఉన్నారు, అడగకుండానే వస్తారు.

మన ఇళ్లలో పోయినవారిని వీలైతే ఆ రోజే, దూరం నుంచి పిల్లలు రావాల్సి ఉంటే మర్నాటికి సాగనంపుతాము. అంతవరకు ఆ ఇంట పొయ్యి వెలగదు. ఫిలిప్పీన్స్‌లో అందుకు పూర్తిగా భిన్నమైన ఏర్పాటు ఉంది. లామాయ్ అనే జాగారం సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు సాగుతుంది, గల్ఫ్‌లోనో హాంకాంగ్‌లోనో ఉద్యోగం చేస్తున్న కొడుకుకో కూతురికో సెలవు, టికెట్ దొరకకపోతే ఇంకా పొడుగవుతుంది, ఆ రోజులన్నీ శవపేటిక ఇంటి ముందుగదిలోనే ఉంటుంది, దానికి నాలుగడుగుల దూరంలో వంటా వడ్డనా జరుగుతూనే ఉంటాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో 78.8 శాతం మంది రోమన్ క్యాథలిక్కులు. ప్రార్థనలు, జపమాల, చర్చిలో పూజ అన్నీ ఆ మతం ప్రకారమే జరుగుతాయి. కానీ రాత్రిళ్లు మేలుకొని ఉండటం, చీపురు పట్టకపోవడం వంటి నియమాలు ఏ గురువూ చెప్పగా వచ్చినవి కావు, ఇంట్లోని పెద్ద ఆడవాళ్లు పాటింపజేసేవి.

అన్ని రోజులు ఉంచాలంటే దేహానికి రసాయన సంరక్షణ తప్పనిసరి. 1975 నాటి పారిశుద్ధ్య స్మృతి, అంటే దేశాధ్యక్షుడి శాసనమైన 856వ ప్రెసిడెన్షియల్ డిక్రీ, ఆ సంరక్షణ చేయని దేహాన్ని మామూలుగా 48 గంటల్లోగా ఖననం చేయాలని చెబుతుంది కాబట్టి, సంస్థకు ఫోన్ చేయడమే కుటుంబం చేసే మొదటి పని అవుతుంది. ఈ సంస్థ బండి తెల్లవారకముందే వచ్చింది. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ముందుగా లోలో పెద్ద చెల్లెలి చేతిని నుదుటికి తాకించుకొని, మాట మాటకూ మన "అండీ" లాంటి "పో" చేర్చి మాట్లాడి, ఆ తరువాతే ధర్మాస్పత్రి మంచం వంటి తమ స్ట్రెచర్ విప్పారు. ధరల పుస్తకం ఆ గదిలో తెరవలేదు. ఇంటి పెద్ద కొడుకును, అంటే మా మామగారిని, వాకిట్లోకి పిలిచి అక్కడ మాట్లాడారు. వ్యాపారమే అయినా అంతటి నిదానం నన్ను ఆకట్టుకుంది.

అలంకరణ పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మధ్యాహ్నానికి దేహాన్ని తిరిగి తీసుకొచ్చినప్పుడు లోలోకు బారోంగ్ అనే తెల్లని సంప్రదాయ చొక్కా తొడిగి ఉంది, చేతుల్లో జపమాల ఉంది, కాళ్లకు బూట్లు లేవు. పోయినవారు ఇంట్లో తిరుగుతుంటే అడుగుల చప్పుడు వినబడకూడదన్న నమ్మకం కొద్దీ బూట్లు వేయరు, ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే వారికి తెలుసు. ముఖానికి రంగు అతిగా పులమలేదు. పెట్టె అద్దం మూసేముందు అలంకరణ చేసిన ఆమె మా అత్తగారిని దగ్గరకు పిలిచి, ఫోటోలో పాపిడి ఎడమవైపు కనిపిస్తోంది, సెల్ఫీ అయితే తిరగబడి ఉండవచ్చు, నిజంగా ఏ వైపు తీసేవారు అని అడిగింది. కుడివైపు అన్నారు అత్తగారు. ఆమె జేబులోంచి చిన్న దువ్వెన తీసి, దాన్ని కొంచెం తడిపి, మొత్తం జుట్టు మళ్లీ దువ్వి, నుదుటి మీద పడిన తడిని గుడ్డతో అద్దింది. అద్దం వెనుక కనబడేది ఆ ముఖమే, వారం పాటు వందలమంది వంగి చూసేది దాన్నే కాబట్టి, సంస్థలో అందరికంటే ఎక్కువ జీతం ఈమెకే ఇవ్వాలని నాకనిపించింది.

మేము తీసుకున్నది ఇంటి దగ్గర లామాయ్ జరుపుకునే ప్యాకేజీ, దాదాపు 65,000 పెసోలు. అందులో పెట్టె, సంరక్షణ, వెనుక కట్టే తెర, నిలువు దీపాలు, సిలువ, అతిథుల సంతకాల పుస్తకం, చివరి రోజు వాహనం వస్తాయి. సంస్థ సొంత చాపెల్‌లో జరుపుకుంటే ఏసీ హాలు, కుటుంబం పడుకోవడానికి గది, స్నానాలగది ఉంటాయి గానీ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. లామాయ్ జరిగే ఇంట స్నానం చేయకూడదన్న నియమం ఉండటంతో మావాళ్లు రోజూ పక్కింటికి వెళ్లి స్నానం చేసి రావలసి వచ్చింది. ఉక్కపోత వాతావరణంలో ఇది చిన్న విషయం కాదు. అయినా ముందుగదిలో ఆయన వాడిన కుర్చీ పక్కనే ఆయనను ఉంచుకోవడం వాళ్లకు ముఖ్యం. ఇల్లు ఏ కాస్త విశాలంగా ఉన్నా ఇంటి ప్యాకేజీయే మేలని నా సలహా.

ఫిర్యాదు ఇక్కడే ఉంది. ప్యాకేజీ ఇన్ని రోజులకని కాగితం మీద రాశారు గానీ, గడువు దాటితే దీపాలు, తెరల అద్దెతో పాటు దేహాన్ని మళ్లీ సరిచూసి రసాయనం పట్టించే పనికి రోజువారీ రుసుము ఉంటుందన్న సంగతి నోటితో చెప్పలేదు, అది ఎంత అన్నది కాగితం వెనుక సన్నని అక్షరాల్లో కూడా రాయలేదు. అబూదాబీలో ఉన్న మా బావగారి విమానం కోసం జాగారం పొడిగించిన తరువాత, ఖననానికి ముందు రాత్రి బిల్లు చేతికిచ్చారు. ఆ రాత్రి ఏ కుటుంబం బేరమాడుతుంది? విదేశాల నుంచి మనుషులు రావడం ఆ దేశంలో ప్రతి వీధిలో జరిగేదే. అందువల్ల పొడిగింపు ధర మొదటి రోజే, మొదటి పేజీలోనే ఉండాలి. మామగారు మర్యాద కొద్దీ ఏమీ అనలేదు. నేను పరాయివాణ్ని కాబట్టి అడిగాను, కొంత తగ్గించారు, కానీ తగ్గించగలిగినది మొదట్లో ఎందుకు వేశారన్న ప్రశ్నకు సమాధానం రాలేదు.

అతిథి సేవల ప్యాకేజీ ఎందుకు దండగో ఇప్పుడు చెబుతాను. దాని కింద వాళ్లు కాఫీ యంత్రం, బిస్కెట్ డబ్బాలు, ఒక వడ్డించే మనిషి ఇస్తామన్నారు. అత్తగారు వద్దన్నారు. సాయంత్రానికల్లా బరంగాయ్ కార్యాలయం, అంటే మన పంచాయతీ ఆఫీసు వంటిది, అక్కడి నుంచి గుడారం, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఎదురింటివారు పెద్ద గిన్నెలో అల్లం వేసిన అన్నపు జావ పంపారు. ఎవరో మూడు-ఇన్-వన్ కాఫీ పొట్లాల దండ, పుచ్చగింజలు, వేయించిన వేరుశనగలు తెచ్చి బల్ల మీద పెట్టి పోయారు. రాత్రి ఏ ఒక్క గంటా పెట్టె దగ్గర మనిషి లేకుండా ఉండకూడదు గనుక మేలుకొని ఉండేవారికి పేకాట కావాలి. ముగ్గురేసి కూర్చొని తోంగిట్స్ ఆడతారు, గెలిచిన సొమ్ములో కొంత భాగం, తోంగ్ అనేది, ఇంటివారికి తీసి పెడతారు. అక్రమ జూదంపై 1978 నాటి 1602వ డిక్రీ ఉన్న దేశంలోనే చావు ఇంటి వాకిట ఇది తరతరాలుగా సాగుతోంది. మొదట చూసేవాడికి నవ్వులు, పేకముక్కల చప్పుడు ఎబ్బెట్టుగా తోస్తాయి. రెండో జాము దాటాక ఆ చప్పుడే లేకపోతే ఆ ఇంట్లో ఎవరు నిద్ర ఆపుకోగలరో నాకు తెలియదు.

పెట్టె దగ్గర ఉంచే డబ్బాలో అబులోయ్ అనే సాయపు సొమ్ము పడుతుంది. కవరు మీద పేరు రాస్తారు, రాత్రి ఒక పిన్నిగారు వాటిని విప్పి పుస్తకంలో ఎక్కిస్తారు. మన పెళ్లిళ్లలో చదివింపుల పద్దు ఎలాగో ఇదీ అలాగే, రేపు వాళ్లింట జరిగితే ఎంత తిరిగి ఇవ్వాలో ఆ పుస్తకమే చెబుతుంది. సంస్థ ఇచ్చిన సంతకాల పుస్తకం బంగారు అంచులతో అందంగా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. రాజకీయ నాయకుల పేర్లున్న పూలచక్రాలు మాత్రం గుడారం ముందు వరుసగా నిలబడ్డాయి, ఎన్నికలు దగ్గరపడితే ఇంకా పెద్దవి వస్తాయట.

నియమాల విషయంలో సంస్థ సిబ్బందికి పూర్తి మార్కులు వేస్తాను. నేల నిండా పుచ్చగింజల పొట్టు పేరుకుపోయింది, ఊడిస్తే ఇంకో చావు వస్తుందని చీపురు ముట్టరు. దీపాలు సరిచూడటానికి రోజూ వచ్చే కుర్రాడు, ఎవరూ చెప్పకుండానే, గొంతుక్కూర్చొని ఆ పొట్టును చేతులతో సంచిలోకి ఏరేవాడు. అద్దం మీద కన్నీటి చుక్క పడితే పోయినవారి ప్రయాణం బరువవుతుందని నమ్మకం. బాగా ఏడుస్తూ వంగినవారికి అతడే వెనుక నుంచి రుమాలు అందించేవాడు. వెళ్లేవారిని గడప దాకా సాగనంపకూడదని, వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పకూడదని నాకు చెప్పిందీ అతడే. చావింటి నుంచి చెప్పకుండా వెళ్లిపోయే మన అలవాటు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. లామాయ్ నుంచి తిన్నగా ఇంటికి పోకుండా దారిలో ఎక్కడైనా ఆగాలన్న పాగ్‌పాగ్ నియమం మాత్రం మన దగ్గర లేదు. మనం స్నానంతో వదిలించుకునేదాన్ని వాళ్లు ఏ సెవెన్-ఎలెవెన్ దుకాణంలోనో జాలిబీ హోటల్లోనో కాసేపు కూర్చొని వదిలించుకుంటారు.

పెట్టె చుట్టూ నిలబడి కుటుంబమంతా ఫోటో దిగడం నాకు అన్నిటికంటే కష్టమైంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు మళ్లీ ఎప్పుడు ఇలా కలుస్తారో తెలియదు కాబట్టి దిగుతారు, కొందరు చిరునవ్వుతోనే. పిలిచినప్పుడు వెళ్లి నిలబడటమే సరైన పని. పక్కకు తప్పుకుంటే దుఃఖంలో ఉన్న ఇంటివారికి అది నొప్పిస్తుంది. తెల్ల చొక్కా ఒకటి దగ్గర పెట్టుకుంటే చివరి రోజుకు పనికొస్తుంది.

చివరి రోజు ఊరేగింపు సంస్థ పనితనానికి నిజమైన పరీక్ష. ఇంట్లోంచి పెట్టెను ఎత్తేముందు చిన్న పిల్లలను ఒక్కొక్కరినీ పెట్టె మీదుగా ఈ చేతుల నుంచి ఆ చేతులకు దాటించారు, లోలో కలలోకి వచ్చి పిల్లలను బెదిరించకుండా. బరువు మోస్తున్నవారు ఆగి ఎదురుచూస్తున్నా సిబ్బందిలో ఎవరూ తొందరపెట్టలేదు. చర్చిలో పూజ ముగిశాక వాహనం నడిచేవారి వేగానికి తగ్గి, ఎండలో ముసలివారు వెనకబడినప్పుడల్లా ఆగి, వారు అందుకున్నాకే కదిలింది. డ్రైవరు ఒక్కసారి కూడా హారన్ మోగించలేదు, వెనుక నిలిచిపోయిన జీప్నీల, అంటే అక్కడి షేర్ బండ్ల, వాళ్లూ మోగించలేదు. శ్మశానంలో పెట్టె దించేముందు జపమాల దారాన్ని తెంపారు, చావుల వరుస అక్కడితో తెగాలని. లోలో ముందుచూపుతో ప్రైవేటు మెమోరియల్ పార్కులో స్థలం కొనిపెట్టుకున్నారు గనుక ఆ చింత లేకపోయింది. ప్రభుత్వ శ్మశానాల్లో ఒకదానిపై ఒకటిగా కట్టిన గూళ్లు చాలాచోట్ల ఐదేళ్ల అద్దెకే ఇస్తారు, గడువు దాటితే ఎముకలు తీసి వేరే చోటికి మార్చుకోవలసి వస్తుంది.

ఆ తరువాత పసియం అనే తొమ్మిది రాత్రుల ప్రార్థన, నలభయ్యో రోజు ప్రార్థన, ఏడాదికి దుఃఖ వస్త్రం విడిచే బాబాంగ్ లుక్సా ఉంటాయి. వాటిలో సంస్థకు పాత్ర లేదు. ముందుగా వాయిదాల్లో కట్టుకునే అంత్యక్రియల పథకాలు అక్కడ విరివిగా అమ్ముతారు, 2009 నాటి 9829వ రిపబ్లిక్ చట్టం వాటిని ఇన్సూరెన్స్ కమిషన్ అజమాయిషీలో ఉంచింది. పథకం కొనాలనుకునేవారు పొడిగింపు రోజుల రుసుము ఎంతో ముందే రాయించుకోవాలి. మరణ ధ్రువీకరణ, స్థానిక రిజిస్ట్రారు నమోదు, ఖనన అనుమతి, ఈ మూడింటినీ సంస్థ మనిషే తిరిగి తెచ్చాడు, దానికి విడిగా ఏమీ అడగలేదు. పోయినవారు సామాజిక భద్రతా వ్యవస్థలో చందాదారులైతే, ఖర్చు పెట్టినవారికి ఆ వ్యవస్థ అంత్యక్రియల సాయం చెల్లిస్తుంది. అందుకు సంస్థ ఇచ్చే అధికారిక రసీదు కావాలి, అది దరఖాస్తు చేసేవారి పేరునే ఉండాలి. మాకు మొదట ఇచ్చిన రసీదు లోలో పేరునే ఉంది. మార్చమని అడిగితే మారు మాట లేకుండా మామగారి పేరున రాసిచ్చారు.