మార్పు కోరే మనిషి ఇండిపెండెంట్‌గా నిలబడితే మేలా, పార్టీ టికెట్ మీదా?

ఎలక్షన్లు వస్తే మా వరంగల్ వైపు ఏ చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నా ఇదే మాట: "మనిషి మంచోడే, కానీ గెలిస్తే పనులైతయా?" కళ్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయల చెక్కు కూడా ఎమ్మెల్యే చేతుల మీదుగా పంచే చోట, ఇల్లు మంజూరు కావాలంటే అధికార పార్టీ వాళ్ల చుట్టూ తిరగాల్సిన చోట, వెనక ఎవరూ లేని మనిషికి ఓటేయడానికి జనం జంకుతారు. వాళ్లను తప్పుపట్టలేను, వాళ్ల ఇబ్బంది వాళ్లది.

వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటే చూడండి. 2021లో జర్నలిస్ట్ తీన్మార్ మల్లన్న ఇండిపెండెంట్‌గా గట్టి పోటీ ఇచ్చి రెండో స్థానంలో ఆగిపోయారు, సొంత పార్టీ పెట్టుకున్న కోదండరాం మూడో స్థానం. 2024 ఉపఎన్నికలో అదే మల్లన్న కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. చదువుకున్న ఓటర్ల దగ్గరే ఇలా ఉంది! కానీ టికెట్‌కి ఓ బరువుంటుంది: కులగణన మీద పార్టీని తప్పుపట్టినందుకు 2025 మార్చిలో ఆయన్ని సస్పెండ్ చేశారు.

సర్పంచ్ ఎన్నిక వేరే. పార్టీ గుర్తులుండవు, నిలబడ్డ మనిషి ఎవరి భూమి తగాదాలో ఎటువైపు మాట్లాడాడో ఊరందరికీ తెలుసు. గీసుగొండ మండలం గంగదేవిపల్లి సారా మానేసి, నీళ్లకు, పారిశుద్ధ్యానికి విడివిడిగా కమిటీలు వేసుకుని ఆదర్శ గ్రామమైంది ఈ బలంతోనే. అన్ని ఊళ్లూ అలా లేవు, గుడి కడతానన్నవాడికి వేలంలో పదవి కట్టబెట్టి ఏకగ్రీవం అనిపించుకునే ఊళ్లూ ఉన్నాయి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

గెలవడం కోసం కాకుండా నిలబడటం మూడో దారి. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా పసుపు బోర్డు కావాలంటూ నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. ఒక్కరూ గెలవలేదు, కానీ దేశమంతా ఆ బోర్డు గురించి మాట్లాడుకుంది, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు, 2025 జనవరిలో బోర్డు మొదలైంది.

ఒక్క డిమాండే ఉంటే నిజామాబాద్ రైతుల దారి మేలు. వ్యవస్థ మారాలనుకుంటే మాత్రం ముందు సొంత ఊళ్లో ఇండిపెండెంట్‌గానే నిలబడాలి, గెలిచాక పంచాయతీ లెక్కలు గ్రామసభలో చదివి వినిపించాలి. ఎంపీటీసీ నుంచి ఎలాగూ పార్టీ గుర్తులు మొదలవుతాయి, టికెట్ సంగతి అప్పుడు ఆలోచించొచ్చు.